చెరలో ఉన్న జీవికి ఆహారం



అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల నుండి ఈ మధ్య ఒక ప్రశ్న వస్తున్నది. అక్కడ కొందరు పిల్లలు లెపర్డ్ గెకో అనే బల్లిని గాజు పెట్టెలో పెంచుకుంటారు. దానికి బతికి ఉన్న పురుగులను ఆహారంగా వేయాలి. ఒక ప్రాణిని సాకడానికి ఇన్ని ప్రాణులను దాని నోటికి అందించడం పాపం కాదా అని తల్లులు అడుగుతున్నారు. ఇది నవ్వి తోసివేయదగిన ప్రశ్న కాదు. దీనిలో హలాల్, హరామ్‌ల విచారణ ఎంత ఉన్నదో, అమానతు విచారణ అంతకు మించి ఉన్నది.

ముందు ఆ జీవి ఎటువంటిదో తెలుసుకోవాలి. దాని స్వస్థలం అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాటి చుట్టుపక్కల ఉన్న ఎండు రాతి నేలలు. పసుపు ఒంటి మీద చిరుతపులికి ఉన్నట్లు నల్లని మచ్చలు ఉంటాయి కనుక ఆ పేరు వచ్చింది. మన గోడ బల్లికి రెప్పలు లేవు, దీనికి ఉన్నాయి. మన బల్లి గోడ ఎక్కుతుంది. దీని వేళ్ళకు అంటుకునే మెత్తలు లేవు కనుక నేల మీదనే తిరుగుతుంది. పగలు రాళ్ళ సందున దాగి, పొద్దు వాలాక వేటకు వస్తుంది. ఆకులు, పండ్లు ముట్టదు. కదిలే పురుగును చూస్తేనే దానికి ఆకలి మేల్కొంటుంది. చక్కగా సాకితే 15 నుండి 20 సంవత్సరాలు బతుకుతుంది. పిల్లవాడి సరదా రెండేళ్ళలో తీరిపోవచ్చు, జీవి మాత్రం వాడి పెళ్ళి నాటికీ ఆ పెట్టెలోనే ఉండవచ్చు. కొనే ముందు ఈ లెక్క వేసుకునేవారు అరుదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. పిల్లిని కట్టివేసి ఆకలితో చంపిన స్త్రీ నరక శిక్షకు గురైన ఉదంతం మీరందరూ విన్నదే. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఆ హదీసు ఉన్నది. అయితే దానిలోని ఒక పదం మీద మన దృష్టి సాధారణంగా నిలవదు. ఆమె దానికి తానూ తిండి పెట్టలేదు, నేల మీది ‘ఖషాష్’ను తిని బతకడానికి విడిచిపెట్టనూ లేదు అన్నది ఆమె మీద మోపబడిన నేరం. ఖషాష్ అనగా నేల మీద పాకే పురుగూ పుట్రా అని ఇమామ్ నవవీ (రహ్మ) వివరించారు. అనగా ఒక జంతువు పురుగులను తినడాన్ని ప్రవక్త (స) ఆ జంతువుకు అందవలసిన ఉపాధిగా పేర్కొన్నారు. దానిని అడ్డుకోవడాన్నే నేరంగా చూపారు. భూమి మీది ప్రతి ప్రాణి ఉపాధి బాధ్యత అల్లాహ్‌దేనని ఖుర్ఆన్ (హూద్ 11:6) తెలుపుతున్నది. గెకోకు ఆయన నిర్ణయించిన ఉపాధి పురుగు. కనుక దానికి పురుగును వేయడం పాపం కాదు. దానిని పెట్టెలో ఉంచి వేయకపోవడమే పాపం.

ఇక్కడితో బాధ్యత తీరిందని అనుకోరాదు. అంగడిలో ఎక్కువగా దొరికేది మీల్‌వర్మ్. పాత పిండి డబ్బాలో కనిపించే పురుగుకు దగ్గరి చుట్టం; నల్లని పెంకు పురుగు ఒకదానికి పిల్ల. దానిలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. నెలల తరబడి అదొక్కటే వేస్తే గెకో కడుపు నిండుతుంది, ఎముకలు మాత్రం మెత్తబడతాయి. కాళ్ళు వంకర తిరుగుతాయి, దవడ సాగిపోతుంది, చివరకు నడవలేదు. పిల్లవాడు రోజూ తిండి వేస్తూనే ఉంటాడు, జీవి లోలోపల పస్తు ఉంటుంది. అందుచేత పురుగును వేసే ముందు కాల్షియం పొడిలో పొర్లించాలి; విటమిన్ డి3 ఎంత, ఎప్పుడు అన్నది పశువైద్యుని అడగాలి. ఒక రోజు ముందుగానే పురుగులకు గోధుమ తవుడు, క్యారెట్ ముక్కలు, ఆకుకూర పెట్టాలి. పురుగు తిన్నదే బల్లికి చేరుతుంది. కీచురాళ్ళను, పట్టుపురుగులను కూడా మార్చి మార్చి వేయాలి. మైనపు చిమ్మట పిల్లలలో కొవ్వు అధికం, మిఠాయి వలె ఎప్పుడో ఒకసారి చాలు. పురుగు వెడల్పు బల్లి రెండు కళ్ళ నడుమ దూరాన్ని మించరాదు. పిల్ల గెకోకు రోజూ, పెద్దదానికి రోజు విడిచి రోజు వేస్తే సరిపోతుంది. పెట్టెలో ఒక మూల నేల సుమారు 32 డిగ్రీల వెచ్చగా లేకపోతే తిన్నది అరగదు. పెరటిలో పట్టిన పురుగులకు మందుల విషం అంటి ఉండవచ్చు. మిణుగురులైతే వాటంతట అవే విషం.

మరి ఆ పురుగు హక్కు మాట ఏమిటి? దానికీ హక్కు ఉన్నది. ఒక చీమ కుట్టినందుకు పుట్టనంతా కాల్పించిన పూర్వ ప్రవక్త ఒకరిని అల్లాహ్ మందలించిన హదీసును గుర్తు చేసుకోండి. వేయి పురుగులను చవకగా కొని, తిండి పెట్టక, డబ్బాలోనే మురగబెట్టి పారవేయడం ఏ న్యాయం? వాటికీ తవుడు, తేమ అందాలి. సూపర్‌వర్మ్ అనే పెద్ద రకాన్ని చలి పెట్టెలో దాస్తే చనిపోతుంది. పురుగు బల్లి కడుపును కొరుక్కుని బయటికి వస్తుందన్న మాట వట్టి పుకారు. ఆ భయంతో తలలు నలపనక్కరలేదు. తినగా మిగిలిన కీచురాళ్ళను రాత్రంతా పెట్టెలో విడిచిపెట్టరాదు, అవి నిద్రించే బల్లినే కొరుకుతాయి.

అన్నిటికన్నా నన్ను బాధించేది మరొకటి. స్నేహితులను పిలిచి, గుప్పెడు పురుగులు కుమ్మరించి, అవి గిలగిల కొట్టుకోవడాన్ని ఫోనులో చిత్రించి నవ్వుకునేవారు ఉన్నారు. పక్షిని కట్టి గురి చూసి కొడుతున్న యువకులను చూచి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి), ప్రాణమున్న దానిని గురిగా పెట్టుకునేవారిని ప్రవక్త (స) శపించారని హెచ్చరించారు. ఆహారం అందించడం వేరు, చావును వినోదం చేసుకోవడం వేరు. పిల్లవాడికి ఈ తేడా నేర్పవలసినది తండ్రే.

పురుగుల వ్యాపారం ధర్మమేనా అని కూడా అడిగారు. మన ఫిఖ్హ్‌లో దీనికి పాత పోలిక ఉన్నది. పట్టుపురుగు అమ్మకాన్ని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) పురుగు పుట్రల కోవలో చేర్చి ఒప్పుకోలేదు. ప్రయోజనం ఉన్నది కనుక చెల్లుతుందని ఆయన శిష్యులు ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) అన్నారు. హిందూపురం పట్టుగూళ్ళ అంగడిని ఎరిగిన మనకు ఆ ప్రయోజనం అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. ఇక్కడా అదే సూత్రం వర్తిస్తుందని నా అభిప్రాయం.

‘వజగ్’ అనే బల్లిని చంపమన్న హదీసు ఉన్నది కదా, దీనిని పెంచవచ్చునా అన్నది మరో సందేహం. జంతుశాస్త్రం గోడ బల్లిని, రెప్పలున్న ఈ బల్లిని వేర్వేరు కుటుంబాలలో చేర్చింది. కాని అరబ్బుల వాడుక శాస్త్ర విభజనను బట్టి నడవదు. కనుక కొత్తగా కొనదలచినవారు మానుకోవడమే మేలని నా సలహా. ఇప్పటికే ఇంట్లో ఉన్నదాని సంగతి వేరు. ముస్లిం గ్రంథంలోని హదీసు ఆ వజగ్‌ను కూడా మొదటి దెబ్బతోనే ముగించినవానికి ఎక్కువ పుణ్యమన్నది. మాడ్చి చంపడానికి ఎవరికీ అనుమతి లేదు.

సాకలేమనిపిస్తే పార్కులో వదిలివేయడం కూడా పరిష్కారం కాదు. పిల్లి హదీసులోని ‘విడిచిపెట్టడం’ అన్నది విడిస్తే బతకగలదానికి. ఈ బల్లి పరాయి దేశపు చలికి, మంచుకు తాళలేదు. సాకగలిగినవారికి అప్పగించాలి. ఉమ్రాకు వెళ్ళేవారు కూడా ముందుగానే ఏర్పాటు చేసుకోవాలి: తోకలో దాచుకున్న కొవ్వుతో పెద్ద గెకో కొద్ది రోజులు ఓర్చుకుంటుంది గాని, నీరు లేక నిలవదు. పొరుగువారికి తాళంచెవితో పాటు కాల్షియం పొడి, పురుగుల డబ్బా, ఆ పురుగులకు వేయవలసిన తవుడు కూడా ఇచ్చి, ఏ రోజు ఎన్ని వేయాలో కాగితం మీద రాసి వెళ్ళండి.