ప్రకృతి చిత్రంలో విషాదం ఎక్కడుంటుంది?

మనిషి ముఖం స్పష్టంగా కనిపించని కొన్ని ప్రకృతి చిత్రాలను చూసినప్పుడు కూడా మనస్సు బరువెక్కుతుంది. ఆ భావానికి ఆధారం ఏమిటి? పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా చిత్రకారులు కొందరు ఆ ఆధారాన్ని ఆకాశంలో కనుగొన్నారు.

అంతకు పూర్వం అక్కడి కళాపరిషత్తులు పౌరాణిక, చారిత్రక ఘట్టాలకే అగ్రస్థానమిచ్చేవి. ఆ ఘట్టాలలో కొండలూ చెట్లూ నేపథ్యం మాత్రమే. మన ఆలంకారికుల మాటలో చెప్పాలంటే, ప్రకృతి అక్కడ ఉద్దీపన విభావం. పందొమ్మిదవ శతాబ్దంలో అదే ప్రధాన వస్తువైంది.

జర్మనీకి చెందిన కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ 1808-1810 మధ్య చిత్రించిన 'సముద్రతీరాన సన్న్యాసి'లో పటం అధికభాగం ఆకాశమే. సన్న్యాసి చీమంత. మొదట గీసిన ఓడలను చిత్రకారుడు తరువాత రంగుతో కప్పివేసినట్లు పరిశోధనలో తేలింది. చూపు నిలుపుకొనేందుకు మరొక వస్తువు లేకపోవడమే అందులోని ఏకాకితనానికి మూలం.

ఇంగ్లండుకు చెందిన జాన్ కానిస్టబుల్ మార్గం వేరు. ఆయన 1821, 1822 సంవత్సరాలలో లండన్ సమీపాన హాంప్‌స్టెడ్‌లో పదుల సంఖ్యలో మేఘాలను కాగితంపై తైలవర్ణాలతో చిత్రించారు. పలు చిత్రాల వెనుక తేదీ, వేళ, గాలి వీచే దిశ వ్రాసుకున్నారు. ఇది శాస్త్రజ్ఞుని శ్రద్ధ వంటిది. అయినా చిత్రంలో భావాన్ని పలికించే ప్రధాన సాధనం ఆకాశమేనని ఆయన విశ్వాసం.

ఆ సాధన ఫలం 1829లో కనిపించింది. అంతకు ముందటి సంవత్సరం నవంబరులో ఆయన భార్య మరియా క్షయవ్యాధితో మరణించింది. ఏడుగురు పిల్లలు తల్లిలేనివారైనారు. థేమ్స్ నదీముఖాన శిథిలమైన హాడ్లీ కోటను ఆయన 1814లోనే చూసి, పెన్సిలుతో గీసుకొని, అప్పటికింకా వివాహం కాని మరియాకు దానిని గురించి లేఖ వ్రాసి ఉన్నారు. పదిహేనేళ్ళ తరువాత అదే కోటను పెద్ద పటంగా చిత్రించారు. తుఫాను రాత్రి గడచిన ఉదయం, చీలిన బురుజు, చెదరిన మేఘాల నడుమ నుండి సముద్రంపై పడే వెలుగు, ఒక కాపరి, అతని కుక్క. దుఃఖించే మనిషి అందులో లేడు. దుఃఖం మాత్రం ఉన్నది.

నిశిత పరిశీలన భావానికి విరోధి కాదని ఈ చిత్రం తెలుపుతుంది. మేఘాలను అంతగా ఎరిగినవాడు కనుకనే ఆయన తన వేదనను వాటికి అప్పగించగలిగారు. కావున ప్రకృతి చిత్రాన్ని విద్యార్థులకు చూపేటప్పుడు 'ఇది ఏ ఊరు' అనే ప్రశ్నకు ముందు 'ఇది ఏ వేళ, గాలి ఎటు వీస్తున్నది' అని అడగడం మేలు.