పంటి మీది మరక... ఇంగ్లిషు పాఠం!

హనుమంతునిపాడు మండలంలో ఫ్లోరైడ్ అన్న మాటకు అర్థం చెప్పాల్సిన పనిలేదు. బడి మెట్టెక్కని అవ్వల నోటా వినిపిస్తుంది. అదే మాట ఇంగ్లిషు పేరాలో కనిపిస్తే మాత్రం తొమ్మిదో తరగతి పిల్లలు కూడా పుస్తకం మూసేస్తారు. చుట్టూ 'కాన్సన్‌ట్రేషన్', 'పర్మిసిబుల్ లిమిట్' లాంటి మాటలు బెదరగొడతాయి మరి!

నిజానికి ఇంగ్లిషులో సైన్సు చదవడం మొదలుపెట్టాల్సింది అక్కడే. తెలిసిన విషయాన్ని కొత్త భాషలో చదవడం తేలిక. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని తెలిసిన పిల్లలకు 'పర్మిసిబుల్ లిమిట్' అంటే ఏమిటో దానంతటదే తెలిసిపోతుంది. 'మాటిల్డ్ ఎనామెల్' అంటే? చెప్పుకోవడానికి బాధే గానీ, పశ్చిమ ప్రకాశంలో చాలామందికి డిక్షనరీ కన్నా ముందు అద్దమే జవాబు చెబుతుంది.

కొన్నిచోట్ల ఒక్క మాట వదిలేసినా ప్రమాదమే. 'బాయిలింగ్ డజ్ నాట్ రిమూవ్ ఫ్లోరైడ్' అన్న వాక్యంలో 'నాట్' దాటేస్తే అర్థం తిరగబడుతుంది. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ మాత్రం పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన దాంట్లో దాని మోతాదు పెరుగుతుంది. ఇది ఇంట్లో అమ్మకు చెప్పాల్సిన సంగతి.

కథలకూ కొదవలేదు. 1901లో ఫ్రెడరిక్ మెక్‌కే అనే యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌కు వచ్చాడు. అక్కడివాళ్ల పళ్లపై గోధుమరంగు మరకలు! కారణం తేలడానికి 30 ఏళ్లు పట్టింది. 1931లో ఓ అల్యూమినియం కంపెనీ రసాయనవేత్త చర్చిల్ నీటిలో ఫ్లోరైడ్‌ను పట్టుకున్నాడు. అచ్చం డిటెక్టివ్ కథే. తర్వాత ఆరేళ్లకు, 1937లో, షార్ట్ తదితర వైద్యులు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి ఇంగ్లిషులో రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోవే. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో కదా!

అన్నీ జబ్బుల కబుర్లే అయితే పిల్లలకు విసుగే. పాలపిట్టను ఇంగ్లిషులో 'ఇండియన్ రోలర్' అంటారు. రోడ్డు రోలర్‌కీ దీనికీ ఏం సంబంధం? జతకట్టే కాలంలో గాల్లో పల్టీలు కొడుతుంది కాబట్టి ఆ పేరు. పొలం గట్టున కరెంటు తీగ మీద కూర్చున్న పిట్టను చూస్తూ నేర్చుకున్న మాట మరచిపోవడం కష్టం.

2020-21 నుంచి ప్రభుత్వ బడుల్లో దశలవారీగా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు. ముందు తెలుగు పేజీని కాగితంతో మూసి, ఇంగ్లిషు చదివి, తర్వాత సరిచూసుకుంటే సరి. తెలుగు పేజీ చదివి ఊరుకుంటే సగం పుస్తకం దండగ.

అన్నట్టు, ఇంగ్లిషు సైన్సు వ్యాసాల్లో 'నల్గొండ టెక్నిక్' అన్న మాట ఎదురవుతుంది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి. నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. ఆఫ్రికాలో ఇథియోపియా, టాంజానియాల్లోనూ దాన్ని వాడి చూశారు, ఆ తెలుగు ఊరి పేరుతోనే!