వాగులో దొరికిన పన్ను

పశువుల సంతలో కోడెను కొనదలచిన రైతు మొదట దాని నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా అన్న దానిని బట్టి వయస్సును నిర్ణయిస్తాడు. అయితే ఏనాడో మరణించిన జంతువు పన్ను ఒక్కటే వాగులో దొరికితే దానిని గుర్తించడం ఎలా? దాని కాలాన్ని నిర్ణయించడం ఎలా?

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో పీస్ నది, దానిలో కలిసే వాగులు శిలాజాలకు ప్రసిద్ధి. నీరు తగ్గిన కాలంలో ఔత్సాహికులు వాటిలోకి దిగి, అడుగున ఉన్న గులకరాళ్ళను జల్లెడ పడతారు. సొరచేప పళ్ళతో పాటు గుర్రపు పళ్ళు కూడా అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. పంటిని కప్పే పింగాణీ పొర ఎముక కంటె కఠినమైనది. కనుకనే అస్థిపంజరం నశించినా పన్ను నిలుస్తుంది.

గుర్రపు దవడపన్ను స్తంభం వలె పొడవుగా ఉంటుంది. అరగని పన్ను మూడు అంగుళాలకు మించుతుంది. పై దవడ పన్ను నమిలే తలం ఇంచుమించు చతురస్రాకారంలో, క్రింది దవడ పన్నుది సన్నని దీర్ఘచతురస్రాకారంలో ఉంటాయి. ఆ తలంపై పింగాణీ పొర మెలికల ముగ్గు వలె మడతలు పడి కనిపిస్తుంది. ఆవు, బైసన్ వంటి నెమరువేసే జంతువుల పళ్ళపై ఆ గీతలు నెలవంకల ఆకారంలో ఉంటాయి. ఈ భేదాన్ని గ్రహిస్తే గుర్తింపు సులభమవుతుంది.

ఈ నిర్మాణానికి ఆహారమే ప్రధాన కారణం. సుమారు 5 కోట్ల 50 లక్షల ఏళ్ళ నాటి తొలి అశ్వాలు చిన్న జంతువులు. ఆకులు తినే వాటికి పొట్టి పళ్ళు సరిపోయేవి. తరువాత పచ్చిక మైదానాలు విస్తరించాయి. గడ్డిలోని సిలికా, దానికి అంటిన దుమ్ము పళ్ళను అరగదీస్తాయి. ఆ అరుగుదలను తట్టుకోగల పొడవైన పళ్ళున్న జాతులు క్రమంగా వృద్ధి చెందాయి.

కాలనిర్ణయం మాత్రం అంత సులభం కాదు. పన్ను నల్లబడినంత మాత్రాన ప్రాచీనమైనదని భావించరాదు. ఆ రంగు మట్టిలోని ఖనిజాల వల్ల ఏర్పడుతుంది. అమెరికా ఖండాలలోని అశ్వాలు సుమారు 10 వేల ఏళ్ళ క్రితం అంతరించాయి. ఫ్లోరిడాకు 16వ శతాబ్దిలో స్పెయిన్ వారు గుర్రాలను మళ్ళీ తెచ్చారు. మంచుయుగపు గుర్రానికి, వీటికి పళ్ళ రూపంలో భేదం స్వల్పం. వాగు ఈ రెండింటినీ ఒకే గులకరాళ్ళ కుప్పలో చేరుస్తుంది.

1833లో ఛార్లెస్ డార్విన్‌కు ఇటువంటి సందేహమే కలిగింది. అర్జెంటీనాలోని సాంటా ఫే ప్రాంతంలో, అంతరించిన మహాజంతువుల అవశేషాలున్న మట్టిపొరలోనే ఆయనకు ఒక గుర్రపు పన్ను కనిపించింది. ఐరోపా వారు రాకముందు ఆ ఖండంలో గుర్రం లేదని అప్పటి విశ్వాసం. ఆ పన్ను తరువాతి కాలంలో పై పొర నుండి జారి పడిందేమోనని ఆయన ఆ స్థలాన్ని జాగ్రత్తగా పరిశీలించాడు. మిగిలిన అవశేషాల వలెనే అదీ రంగు మారి, శిథిలమై ఉంది. అది అంతరించిన అశ్వజాతిదని అనంతరం రిచర్డ్ ఓవెన్ నిర్ధారించాడు. ఒక్క పన్ను ఒక ఖండపు చరిత్రను సవరించింది. అది ఏ పొరలో ఉన్నదో డార్విన్ గమనించి ఉండకపోతే ఆ సాక్ష్యానికి బలముండేది కాదు.

కనుక శిలాజం దొరికినవారు దానిని జేబులో వేసుకొనే ముందు స్థలాన్ని, తేదీని, ఒడ్డున కనిపించే మట్టిపొరలను నమోదు చేయాలి. ఫ్లోరిడాలోని ప్రభుత్వ భూములలో వెన్నెముక గల జంతువుల శిలాజాలను సేకరించడానికి అనుమతిపత్రం అవసరం. సొరచేప పళ్ళకు మాత్రం మినహాయింపు ఉంది. పన్ను తన జాతిని తానే చెప్పగలదు. తన కాలాన్ని చెప్పడానికి దానికి నేల సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యాన్ని చెదరనీయకుండా కాపాడడం సేకరించేవారి బాధ్యత.