ఏ పాస్‌వర్డ్ కొట్టినా లాగిన్? బీక్రిప్ట్ 72 బైట్ల లొసుగు

ఈ రోజు టాపిక్ పాస్‌వర్డే, కానీ "స్ట్రాంగ్ పాస్‌వర్డ్ పెట్టుకోండి" అనే పాత పాట కాదు. మీరు ఎంత స్ట్రాంగ్‌గా పెట్టినా అవతల సర్వర్ దాన్ని అసలు చూడకపోతే? 2024లో ఓక్టాలో బయటపడిన లొసుగు ఇదే. పెద్ద ఆఫీసుల్లో మెయిల్, పేరోల్ అన్నీ ఒకే లాగిన్‌తో ఓపెన్ చేస్తారు కదా, అలాంటి లాగిన్ సర్వీసు నడిపే అమెరికా కంపెనీ అది.

ముందు హ్యాష్ అంటే ఏంటో చూద్దాం. మంచి సైట్ ఏదీ మీ పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచుకోదు. రుబ్బేసి, గుర్తుపట్టలేని ముద్దగా మార్చి దాస్తుంది. చట్నీ నుంచి మళ్లీ కొబ్బరి ముక్క రాదు కదా, అలాగన్నమాట. మళ్లీ లాగిన్ అయినప్పుడు మీరు కొట్టిందాన్ని కూడా రుబ్బి, రెండు ముద్దలూ ఒకటేనా అని చూస్తుంది. ఈ రుబ్బే పద్ధతుల్లో బాగా పేరున్నది బీక్రిప్ట్. 1999లో నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మాజియేర్ దీన్ని బయటపెట్టారు. కావాలనే నెమ్మదిగా నడిచేలా చేశారు, దొంగకి విసుగు పుట్టాలని.

కానీ దీనికో లిమిట్ ఉంది. మొదటి 72 బైట్లే చూస్తుంది. మిగతాది చాలా ప్రోగ్రాముల్లో చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది, ఎర్రర్ కూడా రాదు. నన్నడిగితే లిమిట్ కన్నా ఆ మౌనమే ప్రమాదం.

ఓక్టా ఏం చేసిందంటే, లాగిన్ సక్సెస్ అయ్యాక దాన్ని గుర్తుపెట్టుకోవడానికి యూజర్ ఐడీ, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మూడూ వరసగా అతికించి బీక్రిప్ట్‌లో వేసింది. ఐడీకి 20 అక్షరాలు. యూజర్‌నేమ్ 52 ఉంటే? 72 నిండిపోయింది. పాస్‌వర్డ్‌కి చోటే లేదు! అంటే అక్కడ ఏం కొట్టినా ముద్ద ఒకటే వస్తుంది. 52 అక్షరాల యూజర్‌నేమ్ ఎవరికుంటుంది అంటారా? ఆఫీసుల్లో పూర్తి పేరు, డిపార్ట్‌మెంట్, పొడవాటి డొమైన్ కలిపిన ఈమెయిలే యూజర్‌నేమ్. మన ఇంటిపేర్లతో కలిపి రాస్తే చెప్పనక్కర్లేదు.

అయితే ఎప్పుడు పడితే అప్పుడు ఇది పనిచేయదు. ఆ యూజర్ అంతకుముందు సరిగ్గా లాగిన్ అయి ఉండాలి, కంపెనీ సొంత సర్వర్‌తో కనెక్షన్ తెగిపోయో రద్దీ ఎక్కువయ్యో ఓక్టా పాత ముద్దనే చూసే పరిస్థితి రావాలి, ఓటీపీ లాంటి రెండో తాళం ఉండకూడదు. జులై 23న వచ్చిన ఈ లొసుగుని అక్టోబర్ 30న కనిపెట్టి, అదే రోజు బీక్రిప్ట్ తీసేసి పీబీకేడీఎఫ్2 పెట్టారు. మధ్యలో మూడు నెలలు తలుపు ఓరగా తెరిచే ఉంది.

మరి మన ఫోన్‌లో పాస్‌వర్డ్‌ల సంగతి? ఇంగ్లిష్ అక్షరానికి ఒక్క బైటే కాబట్టి 15, 20 అక్షరాల వాటికి ఢోకా లేదు. తెలుగులో పెడితే లెక్క వేరు. యూనికోడ్‌లో "శ్రీ" అంటే శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. నాలుగు గుర్తులు, ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 12. ఆరు శ్రీలకే 72 అయిపోతుంది!

యాప్‌లు రాసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక పని చేయండి. మీ యాప్‌లో 80 ఇంగ్లిష్ అక్షరాల పాస్‌వర్డ్ పెట్టి, చివరి అక్షరం మార్చి లాగిన్ అవ్వండి. లోపలికి వెళ్లిపోయారంటే, రాత్రికే కూర్చుని సరిచేయండి.