దమ్ము, నాడి, విశ్రాంతి

పోలీసు కానిస్టేబులు ఉద్యోగము గోరు యువకులు 1,600 మీటర్ల పరుగు పరీక్షకు సాధన చేయుట మన పల్లెలలో తరచు కానవచ్చుచున్నది. పొలము పని చేయు దేహమునకు వేరే సాధన యేలయని పెద్దలు కొందరందురు. బస్తాలు మోసినచో కండబలము వచ్చును, దమ్ము వేరు. గుండెయు ఊపిరితిత్తులును ఎడతెగక కండరములకు ప్రాణవాయువు నందింపగల శక్తియే దమ్ము. పరుగు, వడినడక వంటి వానివలన అది వారముల తరబడి కొద్దికొద్దిగా పెరుగును.

ఎంత వేగము తగునో నాడి చెప్పును. 220 నుండి వయస్సును తీసివేయగా మిగులునది గుండె గరిష్ఠ వేగమునకు ఉజ్జాయింపు లెక్క; 20 ఏండ్ల వానికి నిమిషమునకు 200. మితమైన సాధనలో నాడి 130 మొదలు 150 వరకు ఉండిన చాలును. లెక్క తెలియనివారు మాటను బట్టి గ్రహింపవచ్చును: మాటలాడగలిగి, పాట పాడలేకపోయినచో అది మితవేగము.

పరుగునకు ముందు పది నిమిషములు నడచి దేహమును వేడెక్కింపవలెను. కాడి కట్టిన మరుక్షణమే ఎడ్లను పరుగెత్తింపము గదా!

విశ్రాంతిని సోమరితనమనుకొనువారే ఎక్కువ. సాధనలో అలసిన కండ విశ్రాంతిలోనే బలపడును. పరీక్ష తేదీ తెలిసిన పిదప వారము దినములలో అంతయు సాధింపబూని మండుటెండలో పరుగెత్తినచో వడదెబ్బ ప్రాణము మీదికి తేగలదు. ఛాతీ నొప్పి గాని కండ్లు తిరుగుట గాని కలిగినచో ఆ అడుగుననే నిలిచిపోవలెను. తోడివారు అతనిని నీడకు చేర్చి 108కి ఫోను చేయవలెను.