గాజుతొట్టిలో సముద్రము

కోనసీమకు ఇరుప్రక్కల గోదావరి పాయలు, మూడవ ప్రక్క బంగాళాఖాతము. అంతర్వేదికడ వసిష్ఠయు, ఓడలరేవుకడ వైనతేయయు సముద్రమున కలియును. మాఘమాసమున అంతర్వేది తీర్థమునకు పోయిన పిల్లలు ఒడ్డున గవ్వలు, శంఖములు ఏరి తెచ్చుకొందురు. గవ్వను పెట్టెలో ఏండ్లకొలది దాచవచ్చును. కాని వలనుండి జారిన చిన్న చేపను సీసాలో పోసి ఇంటికి తెచ్చినచో, అది మరునాటికి వెల్లకిల పడును. సీసాలో ఉన్నది సముద్రపు నీరే కదా! మరి చేప ఎందుకు చచ్చినది? సముద్రపు గుఱ్ఱమును పెంచువారి కష్టమును తెలిసికొన్నచో ఆ సంగతి బోధపడును.

పేరు గుఱ్ఱమే గాని అది చేప. మొప్పలతో ఊపిరి పీల్చును. ఒంటిపై పొలుసులుండవు, చర్మము క్రింద ఎముక వలయములు కవచమువలె ఉండును. తల గుఱ్ఱపు తలను, తోక కోతి తోకను పోలియుండును. అది నిట్టనిలువుగా ఈదును. వీపుమీది చిన్న రెక్క సెకనునకు 35 మారులవరకు కొట్టుకొనినను నడక మాత్రము నత్తనడకయే. కావున నీటి వడి హెచ్చినపుడు గడ్డిపరకను తోకతో చుట్టుకొని నిలుచును. ఇంకొక వింత కలదు. ఆడుది తన గ్రుడ్లను మగదాని పొట్టమీది సంచిలో విడుచును. మగదే వానిని మోసి, కొన్ని వారముల పిమ్మట వందలకొలది పిల్లలను కనును. దీనికి పండ్లు లేవు. ఆహారమును నిలువచేయు జీర్ణాశయమును లేదు. మ్రింగినది తిన్నగా ప్రేగులలోనికి పోవును. అందుచే దినమునకు పెక్కుసార్లు తినవలసియుండును.

ఇట్టి ప్రాణికి తొట్టి అమర్చువారు ముందుగా దాని ఎత్తును చూతురు. నిలువుగా తిరుగు చేప గావున తొట్టి లోతు దాని పొడవునకు మూడింతలకు తక్కువ కారాదు. ఒక జంటకు 100 లీటర్లకు పైబడిన నీరు కావలెను. 100 లీటర్ల నీరనగా 100 కిలోల బరువు. సామాన్యమైన బల్ల దానిని మోయజాలదు.

ఇక ఉప్పు సంగతి. లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణములుండును. ఆ లెక్కను 100 లీటర్లకు మూడున్నర కిలోలు కావలెను. వంటింటి ఉప్పు ఇందుకు పనికిరాదు. అందు సోడియము, క్లోరిను మాత్రమే ముఖ్యము. సముద్రమున మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము, గంధకపు లవణములు కూడ కరిగియున్నవి. 1854లోనే ఫిలిప్ హెన్రీ గాస్ అను ఆంగ్ల ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఈ లవణములను కలిపి కృత్రిమ సముద్రజలమును తయారుచేయ యత్నించెను. నేడు అట్టి మిశ్రమములు అంగళ్లలో దొరకును.

అంతర్వేదినుండి బిందెలతో నీరు తెచ్చుకొనరాదా యని తోచవచ్చును. శ్రావణ భాద్రపదములలో గోదావరి వరద ఎఱ్ఱనీటిని సముద్రములోనికి త్రోసికొనిపోవును. అప్పుడు సంగమముకడ ముంచిన నీరు సముద్రపు నీరనిపించుకొనదు. వైశాఖమున అదే చోట నీరు మిక్కిలి ఉప్పగా ఉండును. కోనసీమలోని రొయ్యల రైతులకు ఇది క్రొత్త సంగతి కాదు. వారు చెరువునీటి బొట్టును రిఫ్రాక్టోమీటరు గాజుపై వేసి, కంటికి ఆనించి, ఉప్పు ఎంత యున్నదో కొలుచుకొందురు. తొట్టికిని ఆ పనిముట్టే కావలెను.

నీరు సరిపడినంతమాత్రమున చేపను విడువరాదు. సీసాలోని చేప చచ్చుటకు ముఖ్యకారణములు రెండు. కొద్దిపాటి నీటిలోని ప్రాణవాయువు త్వరలో తఱిగిపోవును. చేప మొప్పలనుండి వెలువడు అమోనియా విషమై పేరుకొనును. సముద్రమున ఈ విషమును తొలగించు పాకీపనిని కంటికి కానరాని సూక్ష్మజీవులు చేయుచుండును. ఒకజాతి సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైటుగా మార్చును, అదియు విషమే. వేఱొకజాతి నైట్రైటును నైట్రేటుగా మార్చును. అది మిక్కుటమైనగాని హాని చేయదు. క్రొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు రాళ్లమీదను ఇసుకమీదను నిలదొక్కుకొనుటకు నాలుగైదు వారములు పట్టును. అంతవరకు నీరు, రాళ్లు, తిరుగు పంపు తప్ప తొట్టిలో చూచుటకు ఏమియు ఉండదు. తొందరపాటువలన ఎక్కువ చేపలు చచ్చునది ఈ దశయందే.

తరువాతి ఏర్పాట్లు సులువు. తోక చుట్టుకొనుటకు నాచుమొక్కలో కొమ్మలో ఉండవలెను. నీటి కదలిక మెల్లనిదై యుండవలెను. వేడిమిని 25 డిగ్రీల దాపున ఉంచుదురు. 28 దాటినచో రోగక్రిములు పెచ్చుపెరుగును. రోహిణికార్తెలో అమలాపురమున నీటిని చల్లబఱచు యంత్రము లేక ఇది సాగదు. విద్యుత్తు పోయి పంపు ఆగినచో కొన్ని గంటలలోనే తొట్టి ప్రమాదమున పడును.

అసలు చిక్కు తిండి. సముద్రమునుండి పట్టి తెచ్చిన గుఱ్ఱము, కదలనిదానిని ఆహారముగా గుర్తింపదు. కదలు చిన్న రొయ్యలవంటి జీవులను గొట్టమువంటి మూతితో పీల్చుకొనుట దాని అలవాటు. పొడి మేతను ఎంత చల్లినను దానిచుట్టు తిరిగి తిరిగి ఆకలితో చచ్చును. అందుచే పెంచువారు ఆర్టీమియా అను ఉప్పునీటి జీవి గ్రుడ్లను పొదిగింతురు. రొయ్యపిల్లల కేంద్రములలోను ఇదే మేత. ఉప్పునీటిలో వేసిన సుమారు ఒక దినమునకు అవి పగులును. అప్పుడే పొదిగినవి గుఱ్ఱపు పిల్లలకు సరిపోవును. పెద్దవానికి వానిని మేపి పెంచి పెట్టవలెను. చేపను సాకుటకు చేప మేతను సాకుట!

ఇన్ని జాగ్రత్తలు లేక, పట్టి తెచ్చినవానిలో పెక్కు కొద్దివారములలోనే చచ్చెడివి. దీనికి తోడు, రొయ్యలకై లాగు ట్రాలు వలలలో ఇవియు చిక్కుకొనును. ఎండబెట్టి చీనాదేశపు మందులకై అమ్ముటయు హెచ్చెను. 2001లో భారత ప్రభుత్వము సముద్రపు గుఱ్ఱములను వన్యప్రాణి సంరక్షణ చట్టముక్రిందికి తెచ్చెను. వానిని పట్టుట, అమ్ముట, ఇంట ఉంచుకొనుట నేరము. అంతర్జాతీయ వ్యాపారము 2004 నుండి నియంత్రణకు లోబడెను. ఆస్ట్రేలియా, వియత్నాము వంటి దేశములలో తొట్లలో పుట్టినవానినే పెంపకమునకు అమ్ముదురు. మన దేశమున గోవాలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధనకై వీని సంతతిని పెంచిరి. ఇంట సముద్రపు తొట్టిని పెట్టగోరువారికి పెంపక కేంద్రములలో పుట్టిన క్లౌను చేపలు కలవు. అవి పొడి మేతను తినును. తొట్టి మాత్రము పైన చెప్పినట్లే కుదురుకొనవలెను.

కోనసీమ తీరమున వల లాగువారికి ఎప్పుడైన సముద్రపు గుఱ్ఱము తగిలినచో, అది ఇంకను ప్రాణముతో ఉండవచ్చును. పడవ అంచునుండి దానిని మెల్లగా నీటిలోనికి జార్చినంతనే, అది తోక చాచి, చుట్టుకొనుటకు గడ్డిపరకకై వెదకుకొనుచు దిగిపోవును.