వంటపాత్రలును వంటయింటి యేర్పాటును

గృహములో మిక్కిలి పని జరుగు గది వంటయిల్లు; మిక్కిలి తక్కువ యోచనతో కట్టబడు గదియు నదియే. ముందరి సావడికి గాలియు వెలుతురును కావలెనని యోచింతుము. వరండాకు స్తంభము లెట్లుండవలెనో పదిమందిని అడుగుదుము. కడపట మిగిలిన చీకటిమూలను వంటకు విడుతుము. ఆ మూలలోనే మన తల్లులు ప్రతిదినమును ఉదయము, సాయంకాలము గడుపుచున్నారు. కావున వంటపాత్రలను గూర్చియు, వంటయింటిని గూర్చియు కొన్ని సంగతులను, మన చిత్తూరు తిరుపతి ప్రాంతముల వంటలనే యుదాహరణములుగా దీసికొని, యిచ్చట వివరింపదలచితిమి. ఇది బాలికలకొరకు మాత్రమే వ్రాయబడినది కాదు. అన్నము తినువారందరును అన్నము వండుట యెరిగియుండుట న్యాయము.

పాత్రను పరీక్షించుట యెట్లు?

అంగడిలో పాత్రను చూచినప్పుడు దాని మెరుగును చూచి మోసపోక, మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది వేడిని ఎంత త్వరగా వ్యాపింపజేయును? ఆ వేడిని ఎంతసేపు నిలుపుకొనును? చింతపండు, మజ్జిగ మొదలగు పుల్లని పదార్థములను తాళునా?

మొదటి ప్రశ్నకు సాధారణముగా వంటపాత్రలకు వాడు లోహములలో మేటి రాగి. ఎవర్‌సిల్వర్ అని మనము పిలుచు స్టెయిన్‌లెస్ స్టీలుకంటె రాగి సుమారు 25 రెట్లును, సత్తు అనబడు అల్యూమినియము సుమారు 15 రెట్లును, ఇనుము సుమారు 5 రెట్లును అధికముగా వేడిని ప్రవహింపజేయును. మట్టియు రాయియు స్టీలుకంటెను మందమైనవి. పలుచని స్టీలు గిన్నెలో పాయసము కాచునప్పుడు మంట తగిలినచోట మాత్రము అడుగంటుటకు కారణమిదియే; అచ్చటి వేడి ప్రక్కలకు పోజాలదు. దీనిని చూడగోరువారు పెనముమీద పలుచగా గోధుమపిండి చల్లి సన్ననిసెగపై నుంచి, ఏచోట ముందు ఎర్రబారునో గమనింపవచ్చును.

లోహమే గాక ఆకారమును ముఖ్యము. మన జిల్లాలో చెరకురసమును కాచి బెల్లము చేయువారు వెడల్పైన పెనములనే యేల వాడుదురు? రసములోని నీరు త్వరగా ఆవిరియై పోవలెను గనుక. పాత్ర నోరెంత వెడల్పో ఆవిరి యంత త్వరగా పోవును. సంగటికిని పప్పునకును దీనికి విరుద్ధముగా ఆవిరి లోపల నిలువవలెను. కావున వాటికి లోతైన, నోరు చిన్నదైన పాత్ర, దానిపై సరియైన మూత కావలెను. ఈ యొక్క సూత్రము తెలిసినవారు పాత్రలమ్మువాని మాటలకు లోబడరు.

మట్టియు రాయియు

రాగి యనుమాట మన భాషలో లోహమునకును చెల్లును, ధాన్యమునకును చెల్లును. అయినను రాగిసంగటికి రాగిపాత్ర యక్కరలేదు, మట్టికుండయే తగినది. బియ్యము మెత్తగా ఉడికిన పిమ్మట రాగిపిండిని నడుమ కుప్పగా పోసి, మూతపెట్టి, మంట తగ్గించి, పిండి ఆవిరిలో మగ్గినతరువాత తెడ్డుతో కెలుకుదురు. ఈ మగ్గుటకు కావలసినది తీవ్రమైన మంట కాదు, నిలుకడగల వేడి. మందమైన కుండ నెమ్మదిగా వేడెక్కును, నెమ్మదిగా చల్లారును. నిప్పు తీసినను లోపలి పని సాగుచునే యుండును.

రాతిచిప్ప గుణమును ఇట్టిదే. ఇది బలపపురాతితో తొలువబడినది. సేలము ప్రాంతమున వీటిని చేయుట ప్రసిద్ధము. క్రొత్త చిప్పను తిన్నగా పొయ్యిమీద పెట్టినయెడల పగులును. కొన్నిదినములు గంజి పోసి మార్చుచు, తరువాత నూనెయు పసుపును పూసి ఆరనిచ్చి, మొదట సన్ననిసెగపై నీరు కాచి, క్రమముగా అలవాటు చేయవలెను. వేడిచిప్పలో చన్నీరు పోయరాదు. ఇట్లు పదునుచేసిన చిప్పలో పులుసు పొయ్యి దింపినను చాలసేపు కుతకుతలాడును. పులుపువలన రాతికి గాని పులుసునకు గాని చెరుపులేదు. అనేక గృహములలో అవ్వలు వాడిన చిప్పలను పాతసామానులవాని కిచ్చి ప్లాస్టికు డబ్బాలు కొనుచున్నారు. ఒక తరము వాడుకచే పదునైన వస్తువు నిచ్చి, సంవత్సరములో విరుగుదానిని గ్రహించుట లాభమగునా?

మట్టిపాత్రలను సబ్బుతో కడుగరాదు. మట్టి సబ్బును పీల్చును. బూడిదతోగాని శనగపిండితోగాని తోమి యెండబెట్టవలెను. మెరుపురంగులు పూసిన మట్టిపాత్రలలో సీసము కలిసియుండవచ్చును గాన వాటిని వంటకు వాడరాదు.

ఇనుము

దోసెలకు పెనమును, వేపుళ్లకు బాణలియు ఇనుముతో చేసినవే శ్రేష్ఠములు. ఇనుము వేడిని బాగుగా నిలుపుకొనును గనుక చల్లని పిండి పోసినను పెనము వెంటనే చల్లబడదు. పలుచగా నూనె పూసి కాల్చుచువచ్చినచో నల్లని పూత యేర్పడును. అదియే పిండి అంటకుండ కాపాడును. తడి యుంచిన తుప్పుపట్టును. పుల్లని కూరలను ఇనుపబాణలిలో నిలువయుంచిన రంగును రుచియు చెడును.

ఇనుము కొంచెము ఆహారములో దిగుట చెరుపు కాదు, మేలే. 1999లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, ఇథియోపియా దేశమున ఇనుపపాత్రలలో వండిన ఆహారము తిన్న పిల్లలకు అల్యూమినియము పాత్రలలో వండినది తిన్న పిల్లలకంటె రక్తబలము హెచ్చుగా నుండెనని తేలినది. రక్తహీనతగల బాలికలు మన తరగతులలోను కలరు. ఇనుపబాణలి వైద్యునికి బదులు కాదు గాని, వైద్యునికి తోడు కాగలదు.

ఇత్తడియు కళాయియు

ఇత్తడిలో రాగియు తుత్తునాగమును కలవు. పులుపు రాగిని కరగించును. ఆకుపచ్చని చిలుము దాని గురుతు. అది కడుపునకు చెరుపు చేయును. కావుననే ఇత్తడిపాత్రల లోపల తగరపు పూత, అనగా కళాయి, పెట్టించుచుండిరి. కళాయివాడు పాత్రను శుభ్రపరచి, కాల్చి, నవాసాగరపు పొడి చల్లి, తగరమును కరగించి దూదితో లోపలంతయు రుద్దును. పూత అరిగి లోపల పసుపువన్నె కనబడిన వెంటనే మరల పూయింపవలెను. వెనుకటివలె కళాయివాడు వీధివెంట వచ్చుట యరుదైనది గనుక, పూయించు సౌకర్యము లేనివారు ఇత్తడిబిందెను నీళ్లకును, పళ్లెరమును పొడివస్తువులకును ఉంచుకొనుట మేలు.

చారునకు వాడు ఈయపుచెంబు తగరముతో చేయబడినది. తగరము 232 డిగ్రీల వేడికే కరగును. లోపల చారు నీరున్నంతవరకు చెంబునకు అపాయము లేదు. ఉత్తచెంబును పొయ్యిమీద పెట్టినవారు నిమిషములో దానిని పోగొట్టుకొందురు. తగరమునకు బదులు సీసము కలిపి అమ్ము మోసమునుగూర్చి జాగ్రత్త పడవలెను.

సత్తు, ఎవర్‌సిల్వర్, కుక్కరు

మన ప్రాంతము మద్రాసు రాజధానిలో చేరియుండిన కాలమున, 1898లో, మద్రాసు చిత్రకళాశాలయందు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ దొరగారు అల్యూమినియము పాత్రలు చేయుట ప్రారంభించిరి. తేలికయు, చౌకయు, త్వరగా వేడెక్కుటయు దాని గుణములు. పులుపును, ఉప్పును దానిని తినివేయుట దాని దోషము. అన్నము వండవచ్చును; పులుసును, ఊరగాయను నిలువయుంచరాదు. ఊరగాయకు జాడీయే స్థానము.

స్టెయిన్‌లెస్ స్టీలును 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణమున హారీ బ్రేర్లీ రూపొందించెను. పులుపునకు చలింపదు, తుప్పు పట్టదు; కాని వేడిని చక్కగా వ్యాపింపజేయదు. అందుచేత అడుగున అల్యూమినియము గాని రాగి గాని పొదిగిన మందమైన గిన్నెను కొనవలెను. అంటుకొనని పూతగల పెనములను ఉత్తగా మంటపై నుంచరాదు. 260 డిగ్రీలు దాటిన ఆ పూత చెడనారంభించును.

నీరు సముద్రమట్టమున 100 డిగ్రీలకు మరుగును. ఎత్తునకు పోవుకొలది గాలి యొత్తిడి తగ్గును గనుక తక్కువ వేడికే మరుగును. సుమారు 850 మీటర్ల యెత్తుగల తిరుమలపై సుమారు 97 డిగ్రీలకును, మదనపల్లె చేరువనున్న, 1,250 మీటర్లు దాటిన హార్సిలీ కొండపై సుమారు 96 డిగ్రీలకును మరుగును. అచ్చట పప్పు ఆలస్యముగా ఉడుకుట అందుకే. కుక్కరు దీనికి విరుద్ధముగా ఆవిరిని బంధించి, లోపలి వేడిని సుమారు 120 డిగ్రీలకు పెంచును. దీని మూలపురుషుడు 1679లో ఆవిరిపాత్రను చూపిన డెనిస్ పాపిన్. కుక్కరు కొనునప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తును, వాడునప్పుడు ఆవిరిగొట్టము శుభ్రముగా నున్నదా యని చూడవలెను.

పప్పు ఉడకకుండుటకు మరియొక కారణము మన బోరునీరు. ఉప్పునీటిలోని సున్నపుసారము పప్పుగింజను గట్టిపరచును; చింతపండు పులుపును అట్లే చేయును. కావున పప్పును ముందుగా నానవేసి, దొరికినయెడల మంచినీటిలో నుడికించి, మెత్తబడిన పిమ్మటనే చింతపండు రసము కలుపవలెను. ఈ క్రమము తప్పిన గృహిణి గంటసేపు వంటచెరకును, గ్యాసును వృథా చేసికొని పప్పును నిందించును.

పొగ

ఇంతవరకు చెప్పినది రుచికిని, ఖర్చునకును సంబంధించినది. ఇకమీద చెప్పునది ప్రాణమునకు సంబంధించినది. గృహములలోని పొగచేత 2020లో లోకమంతట 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కించినది. పొయ్యియొద్ద తల్లి దగ్గుచుండగా మనము సావడిలో చదువుకొనుచుండుట యలవాటై, ఆ దగ్గు మనకు వినబడుటలేదు.

ఈ కష్టమును తొలగింప యత్నించిన తెలుగుదేశపు శాస్త్రజ్ఞులలో హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్. పి. రాజుగారు ఒకరు. వారు రూపొందించిన పొయ్యికి నోరొకటి, గిన్నెలుంచు కన్నులు అనేకము, చివర పొగగొట్టము. మొదటి గిన్నె క్రింద మండిన వేడి రెండవదానికి పోయి, మిగిలిన పొగ కప్పు దాటి బయటికి పోవును. కోటానుకోట్ల ప్రజలకు పొగలేని వంటయిండ్లు అను నర్థముగల పేరుతో వారు ఆంగ్లమున వ్రాసిన పుస్తకమును మద్రాసులోని క్రైస్తవ సాహిత్యసంఘము 1953లో ప్రకటించినది. తరువాత ప్రభుత్వమువారు 1980 తరువాతి సంవత్సరములలో దేశమంతట పొగలేని పొయ్యిలు కట్టించిరి. కాని మసిపట్టిన గొట్టమును దులుపక, పగిలినదానిని బాగుచేయక పోవుటచే అనేకములు మూలబడినవి. పొయ్యిని కట్టించుట ఒకదినపు పని, కాపాడుట ప్రతిమాసపు పని.

1999లో మన రాష్ట్రమున దీపము పథకముచే అనేక పేదకుటుంబములకు గ్యాసు వచ్చెను. అయినను సిలిండరును పొదుపు చేయుటకై నీళ్లకును సంగటికిని కట్టెలపొయ్యి వాడు గృహములు చాల కలవు. అట్టివారు ఆ పొయ్యిని లోపలనుండి పెరటిలోనికి మార్చినను సగము కష్టము తీరును. చంటిబిడ్డను పొయ్యియొద్ద కూర్చుండబెట్టరాదు.

గ్యాసు గాలికంటె బరువైనది. కారినయెడల నేలమీదనే నిలుచును. కావున గోడ క్రిందిభాగమున కూడ గాలిరంధ్రము కావలెను. సిలిండరును నిలువుగానే యుంచి, పొయ్యిని దానికంటె ఎత్తున పెట్టవలెను. రబ్బరుగొట్టమును ఐదేండ్లకొకసారి తప్పక మార్చవలెను. వాసన వచ్చినయెడల విద్యుద్దీపపు మీటను ముట్టక, కిటికీలు తెరచి, బయటికి వచ్చి 1906 అను సంఖ్యకు ఫోను చేయవలెను.

వంటయింటి యేర్పాటు

వంటలో ముఖ్యస్థానములు మూడు: సామగ్రి యుండుచోటు, కడుగుచోటు, వండుచోటు. ఇవి త్రికోణముగా, ఒకదానికొకటి కొలది యడుగుల దూరమున నుండవలెను. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు పట్టణమున మార్గరెట్ షూటె లిహోట్‌స్కీ అను వనిత, శ్రామికుల యిండ్లకై 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవుగల వంటయింటిని నిర్మించి, చిన్నగదియైనను క్రమమున్నచో చాలునని నిరూపించినది. మన వంటయిల్లు చిన్నదని విచారింపనక్కరలేదు.

వంటగట్టు ఎత్తునకు కొలబద్ద అక్కరలేదు. వండువారి మోచేతికి బెత్తెడు తగ్గుగా నున్నచో నడుమునొప్పి రాదు. కొలువవలసినది మేస్త్రీ మోచేతిని కాదు, వండువారి మోచేతిని. ఆగ్నేయమూల వంటయిల్లు కట్టు ఆచారము నెవరెట్లు పాటించినను, ఎదురెదురుగా కిటికీలుండుటయు, వండువారి నీడ వండు గిన్నెపై పడకుండ వెలుతురు ప్రక్కనుండి వచ్చుటయు ముఖ్యము. దినమును వాడు వస్తువులు నడుమునకును కన్నులకును నడుమనుండు అరలలో నుండవలెను. బరువైనవి క్రిందను, పండుగకు వాడునవి పైనను ఉంచదగును.

క్రొత్తగా కాపురము పెట్టువారికి ఇనుపపెనము, ఇనుపబాణలి, మందపు అడుగుగల స్టీలుగిన్నెలు రెండు, కుక్కరు, రాతిచిప్పగాని మట్టికుండగాని, రోలు, పదునైన కత్తిపీట, ఇవి చాలును. వేరుశనగ ఊరిబిండి రోటిలో నూరినప్పుడు వచ్చు రుచి మరియొకవిధమున రాదు. అయినను పని తొందరగల దినమున మిక్సీ వాడుట తప్పు కాదు. పాతది పాతదగుటచే మంచిది కాదు, క్రొత్తది క్రొత్తదగుటచే మంచిది కాదు. తిరుమల దేవస్థానమునందే క్రొత్త మట్టి ఓటిలో పెరుగన్నము నివేదించు ప్రాచీనాచారము కలదు. ఆ కొండమీదనే 2002లో సూర్యరశ్మిచే ఆవిరి పుట్టించి వేలమందికి వండు యంత్రములు అమర్చబడెను. ఏ పనికి ఏది తగునో యెరుగుటయే వివేకము.

విద్యార్థులారా, రాబోవు సెలవులలో ఒక పని చేయుడు. మీ తల్లిగారు ఒకపూట వంట చేయునప్పుడు ఒక మూల కూర్చుండి, వారు నీళ్లకై యెన్నిసారులు నడచిరో, వంగి యెన్నిసారులు డబ్బాలు తీసిరో, పొగకు యెన్నిసారులు కన్నులు తుడుచుకొనిరో కాగితముమీద గీతలు గీయుడు. పిమ్మట మీ తండ్రిగారితో కలిసి ఆ కాగితమును చూచి, బిందెను, ఉప్పుడబ్బాను, పొయ్యిని ఎచ్చటికి మార్చినచో గీతలు తగ్గునో ఆలోచింపుడు. మార్చినతరువాత మరల లెక్కింపుడు. సెలవుల పిమ్మట ఆ రెండు కాగితములను మాయొద్దకు తెచ్చినవారితో తరగతియందు చర్చించుటకు మేము సిద్ధముగా నుందుము.